జాజిగాడు తడపని బొంత

మా చిన్నమ్మ పోయి రెండు వారాలు దాటింది. పులివెందులలో ఆమె దినాలకు వెళ్ళి మొన్ననే కడపకు తిరిగి వచ్చాను. వచ్చినప్పటి నుంచీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. టీ పెట్టుకుంటాను, అది చల్లారిపోయేదాకా గుర్తు రాదు. పేపరు తెరుస్తాను, ఒక్క అక్షరం చదవకుండా మడిచి పక్కన పెడతాను. వంటింట్లోకి పోయి, ఎందుకు వచ్చానో తెలియక గోడ పట్టుకుని నిలబడతాను. ఆమె పోయినందుకు కాదు ఇదంతా. ఎనభై దాటి బతికింది, చివరిదాకా మాట తడబడలేదు, కొడుకుల చేతుల్లోనే కన్ను మూసింది. ఆ రోజు ఆమె కోడలు అన్న ఒక మాటా, దానికి నేను చెప్పిన జవాబూ నన్ను ఇట్లా తిప్పుతున్నాయి.

భోజనాలయ్యాక ఆడవాళ్ళమంతా లోపలి గదిలో చేరాం. ఆ ఇంట్లో చిన్నమ్మ మునిమనవరాలి కోసం బెంగుళూరు నుంచి తెచ్చిన కుక్కపిల్ల ఒకటుంది. తెల్లటి బొచ్చుతో, దూది ఉండ మాదిరి అందరి ఒళ్ళల్లోకీ ఎక్కుతోంది. అది నా చీర తడుపుతుందేమోనని కాళ్ళు ముడుచుకుంటే కోడలు నవ్వింది. "భయపడొద్దు వదినా, ఇంట్లో పొయ్యదు. అత్తమ్మ మంచంలో పడుకోనే పది దినాల్లో నేర్పించింది. ఇప్పుడు లేసింది ఎత్తకపో, ఇప్పుడు తినింది ఎత్తకపో అని మమ్మల్ని కూర్చోనిచ్చేది కాదు. ఒక్క దెబ్బ కూడా ఎయ్యనియ్యలేదు. కుక్కపిల్ల మీద చెయ్యి ఎత్తితే చాలు, ఆమె ఒళ్ళంతా వణికేది. ఎందుకో మాకెవురికీ తెలీదు" అంది. అందరూ నా వైపు చూశారు. చిన్నమ్మకు సవతి కూతుర్ని, ఆ ఇంటి పెద్ద ఆడబిడ్డను, అందరికంటే పాతదాన్ని. నాకు తెలుసు. తెలిసి కూడా, "ఏమో, ఆమె మొదటి నుంచీ అంతే" అనేసి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. ఈ వయసులో, ఆమె దినాల రోజునే, ఆమె ఇంట్లోనే, ఎప్పటిదో ఒక కుక్కపిల్ల విషయంలో మళ్ళీ అబద్ధమాడాను. నోటితో చెప్పలేకపోయిన దాన్ని కాగితం మీదైనా పెడదామని కూర్చున్నాను.

అప్పుడు మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం. నాయన ఒక ప్రైవేటు కంపెనీ బస్సు నడిపేవాడు. తెల్లవారుజామున బయలుదేరి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయి, పొద్దు వాలినాక తిరిగి వచ్చే బస్సు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిందనీ, ఇక చిన్న కాగితానికి కూడా అంత దూరం పోవాలనీ బస్సులో జనం అనుకునే మాటలు నాయన సంగటి తింటూ చెప్పేవాడు. ఆయన ఇంట్లోకి రాకముందే డీజిలు వాసన వచ్చేది. ఆ వాసన వస్తే చాలు, మా జేజి, అంటే నాయన తల్లి, స్నానాలూ ఉతుకులూ జరిగే జాలాడిలో వేన్నీళ్ళు పెట్టేది. స్నానం కాకుండా కొడుకునైనా సరే నడింట్లోకి రానిచ్చేది కాదు. మాది గొర్రెల మీద బతికిన వంశం. జేజి పెండ్లయినప్పటి నుంచీ మందల వెంట తిరిగి, పేడా పెంటా ఎత్తి, నాయన స్టీరింగు పట్టినాకనే ఈ ఊరికి వచ్చింది. రెండు గదులూ, ముందొక వసారా, వెనక దొడ్డీ ఉన్న ఆ అద్దె ఇంట్లో నేలంతా నల్లటి బండలు పరిచి ఉండేవి. ఆ బండలంటే జేజికి ప్రాణం. పొద్దున్నే ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఒకసారి తడిగుడ్డతో తుడిచి, వంగి చూసి, ముఖం కనబడితేనే లేచేది. మోకాళ్ళు పట్టుకుపోయినా ఆ పని నాకు గాని, ఇంకెవరికి గాని ఇచ్చేది కాదు.

మా అమ్మ కాన్పులో పోయింది, పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ వారం నుంచే నేను పక్క తడపడం మొదలుపెట్టాను. చెప్పుకోవడానికి ఇంత వయసొచ్చినా చెయ్యి ఆగుతోంది. పెద్దపిల్లను, బడికి పోతున్నాను, ఎక్కాలు చెబుతున్నాను, తెల్లారేసరికి మాత్రం నా బొంత తడిసి ఉండేది. జేజి నన్ను తిట్టలేదు. వీధిలో ఎవరూ లేవకముందే బొంత తీసుకుపోయి జాలాడిలో పిండి, దొడ్లో గోడ లోపలి వైపు ఆరేసేది, బయటివాళ్ళకు కనబడకుండా. బొంత అంటే పాత చీరలు ఐదారు పొరలు వేసి కుట్టింది. తడిస్తే ఒక మనిషి బరువు. పక్కింటి ఖాసింబీ బొంతలు కుట్టేది. ఆమె తెచ్చి ఇచ్చిన తాయెత్తు నా మొలతాడుకు కట్టారు. దీపాలు పెట్టినాక గుక్కెడు నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు కాదు. ఏమీ మారలేదు. ఏడాది గడిచింది. నాయనకు మళ్ళీ పెండ్లి కుదిరినప్పుడు జేజి నా జడ అల్లుతూ, "కొత్తగా వస్తాది ఆయమ్మి. వచ్చినాక కూడా నువ్వు ఇట్లనే చేస్తాంటే ఏమనుకుంటాది మే?" అంది, అంతే. ఆ రోజు నుంచి నాకు నిద్రంటేనే భయం పుట్టింది. పడుకున్నా కాళ్ళు ఊరుకునేవి కావు.

చిన్నమ్మ వచ్చిన రోజు నాయన బస్సులోనే వచ్చింది. ఆమె ఊరు పులివెందుల దాటి రెండు మైళ్ళు నడవాలి. పద్దెనిమిదేళ్ళో పంతొమ్మిదేళ్ళో ఉంటాయి, పేరు ఓబులమ్మ. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖం. ఒక చేతిలో రేకు పెట్టె, చంకలో మూత కట్టిన గంప. జేజి గడపలో ఎర్రనీళ్ళు తిప్పి బయట పోసి వస్తుండగా గంపలో ఏదో కదిలి, కుయ్‌మంది.

"ఏందిమే అది?"

"కుక్కపిల్ల అత్తా. మా మందలో కుక్క ఈనింది. తల్లిని తోడేలు చంపేసింది. మిగిలిందాల్లా ఇదొకటే. ఆడ ఇడిచిపెట్టి వస్తే చస్తాది."

జేజి గడపలోనే నిలబడిపోయింది. "కొత్త పెండ్లికూతురు సారెతో పాటు కుక్కను తెచ్చేది నేను యాడా చూడల్యా. ఇది బండల ఇల్లు. గొర్రెల వాసన వదిలించుకునేదానికి నాకు ఒక జల్మ పట్టింది. మళ్ళా ఎత్తకొస్తివా?"

చిన్నమ్మ గంప మూత చేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. నాయన ఇద్దరినీ చూసి, తన చెప్పులను చూసుకుని, "అమావాస్య దాకా ఉండనియ్యిమ్మా" అన్నాడు. "అప్పటికి ఇంట్లో ఉచ్చ పోసేది మాన్లేదంటే నేనే బస్సులో ఎత్తకపోయి వాళ్ళ నాయన మందలో ఇడిచి వస్తా." అమావాస్యకు ఇంకా ఇరవై రోజులుంది. జేజి దారి ఇచ్చింది.

దాని ఒళ్ళు జాజు రంగు, మన ఎర్రమన్ను రంగు. ముందుకాళ్ళు రెండూ తెలుపు. జాజిగాడని పేరు పెట్టింది చిన్నమ్మే. ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారం మొత్తం వాని వెంట తిరగడమే నాకు గుర్తు. వాడు నిద్ర లేస్తే ఎత్తుకుని దొడ్లోకి పరుగు. సంగటి మజ్జిగలో పిసికి పెట్టి, గిన్నె నాకడం అయ్యేలోగా మళ్ళీ పరుగు. ఆడుతూ ఆడుతూ ఆగి, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే చేతిలో పని ఏదున్నా కింద పడేసి పరుగు. ఎప్పుడూ అదే చోటు, దొడ్డి మూలలో బూడిద కుప్ప పక్కన. ఆమె మెట్టెల చప్పుడు ఆ ఇంట్లో ఒక్క గడియ ఆగేది కాదు. నేను పలక ముందేసుకుని కూర్చున్నా ఆ చప్పుడుకు చెవులు లేచేవి, నేనూ లేచి వెంట పడేదాన్ని. ఎప్పుడైనా వాడు తొందరపడి బండల మీద పోస్తే, జేజి రాకముందే బూడిద చల్లి, తుడిచి, వేపాకు రుద్దిన నీళ్ళతో కడిగేసేది. "వాసన మిగిలిందంటే మళ్ళా ఆడనే పోస్తాడు పాపా. వాసన పోవల్ల. కొట్టగూడదు. కొడితే ఉచ్చ ఆగదు, ఇంగా ఎక్కువైతాది" అని నాకు చెప్పేది. ఆమె మందలో కుక్కలను పెంచిన మనిషి. ఆ మాట ఆమె కుక్కపిల్ల గురించే అంది. నాకు మాత్రం చెవుల్లో మంట పుట్టింది. దీపాలు పెట్టినాక వానికి నీళ్ళు పెట్టొద్దని ఆమె అంటే, నేను అక్కడినుంచి లేచి వసారాలోకి పోయాను.

జాజిగాడు వారం తిరిగేలోపల నేర్చుకున్నాడు. తనే దొడ్డి తలుపు దగ్గరకు పోయి ముందుకాళ్ళతో గీకేవాడు. చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. జేజి కూడా ఒకసారి, ఎవరూ చూడడం లేదనుకుని, సంగటి ముద్ద వాని ముందుకు తోసింది. నా విషయమే మారలేదు. చిన్నమ్మ వచ్చిన కొత్తలో నాలుగైదు రోజులు భయంతో నిద్ర పోక, ఎట్లాగో నెట్టుకొచ్చాను. ఐదో రోజో ఆరో రోజో ఒళ్ళు అలిసి గాఢంగా నిద్రపోయాను. తెల్లారుతుండగా మెలకువ వచ్చేసరికి బొంత వెచ్చగా తడిసి ఉంది. నాయన అప్పటికే బస్సుకు పోయాడు. చిన్నమ్మ జాలాడి దగ్గర అంట్లు తోముతోంది. జేజి వసారాలో. గుమ్మం పక్కన జాజిగాడు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. నేను లేచి వాన్ని రెండు చేతులతో ఎత్తుకొచ్చి నా బొంత నడుమ తడిలో పెట్టాను. వాడు నిద్రమత్తులో నా వేళ్ళు నాకాడు. అప్పుడు గట్టిగా అరిచాను, "చిన్నమ్మా, చూడు, జాజిగాడు నా బొంత మీద పోసినాడు!"

అంత సులభంగా అయిపోతుందని నేననుకోలేదు. జేజి వచ్చి బొంతను చూసింది, కుక్కపిల్లను చూసింది, నన్ను చూసింది. చీపురు పొరక తీసుకుని వాన్ని ఒక్క దెబ్బ వేసింది. వాడు కేర్‌మని దొడ్లోకి పరుగెత్తాడు. ఆ పొద్దునే ఖాసింబీ దొడ్డి గోడ అవతల కనబడితే, జేజి గట్టిగా, ఇంట్లో ఉన్న చిన్నమ్మకు కూడా వినబడేట్టు, "మా పాపకు ఆ రోగం ఎబ్బుడో పాయ ఖాసింబీ. నీ తాయెత్తు చలవ. ఇదంతా ఈ కుక్క చేసే పని" అంది. ఆ మాటతో నాకు దారి మూసుకుపోయింది. నయమైన పిల్లను నేను, మళ్ళీ తడిపితే ఎట్లా? మూడు రోజుల తర్వాత మళ్ళీ తడిపాను. మళ్ళీ జాజిగాన్ని ఎత్తుకొచ్చి పెట్టాను. ఈసారి జేజి వాని మెడ పట్టుకుని ముక్కు ఆ తడికి అదిమి, పొరక తిరగేసి కొట్టింది. వాడు అరవలేదు. కళ్ళు పైకెత్తి చూశాడు, జేజి వైపు కాదు, నా వైపు. చిన్నమ్మ అడ్డం వచ్చి, "అత్తా, వద్దత్తా, వాడు దొడ్డి తలుపు గీకుతాడు, లోపల పొయ్యడు, ఏందో తేడాగా ఉండాది" అంటే, జేజి, "కుక్కపిల్లకే నేర్పించలేనిదానివి, రేపు బిడ్డలను ఏం పెంచుతావు?" అని తిరగబడింది. చిన్నమ్మ ఆ ఇంటికి వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు.

ఆ తర్వాత జాజిగాడు నిజంగానే చెడిపోయాడు. పొరక కనబడితే చాలు, నిలబడిన చోటే పోసేసేవాడు. నేను వంగి ఎత్తుకోబోతే కూడా. బండల మీద సన్నగా పారే ఆ నీళ్ళను చూస్తే నేను వసారాలోకి పారిపోయేదాన్ని. బడిలో కూర్చోలేకపోయేదాన్ని. పంతులు పాఠం చెబుతుంటే నేను ఇంట్లో ఇప్పుడేం జరుగుతోందో అనుకుంటూ బెంచీ కింద కాళ్ళు ఆడించేదాన్ని. ఇంటికి పోవాలనిపించేది, ఇంటికి పోతే బయటికి పోవాలనిపించేది. సాయంత్రం నాయన వస్తే జేజి ఇంకా ఎన్ని రోజులుందో గుర్తు చేసేది. ఆయన సరేనని తల ఊపి చిన్నమ్మ ముఖం వైపు చూడకుండా తినేవాడు.

అమావాస్య ఇంకా మూడు రోజులుందనగా చిన్నమ్మ ఒక పాత చీర అంచు చించి, ఒక కొస జాజిగాని మెడకూ, ఇంకో కొస తన కాలికీ కట్టుకుని పడుకుంది. వాడు కదిలితే తనకు తెలుస్తుందని, వాడు పొయ్యలేదని అత్తకు చూపించాలని. నేను నా బొంత మీద పడుకుని ఆ గుడ్డపేలికనే చూస్తూ ఉన్నాను. నిద్రపోకూడదనుకున్నాను. కోడి కూసే వేళకు కళ్ళు తెరిస్తే తడిసిపోయి ఉన్నాను. కిటికీలోంచి తెల్లటి వెలుతురు వస్తోంది. నాయన లేడు. జేజి మంచం మీద ఇంకా ముసుగుతన్నే ఉంది. నేను మోకాళ్ళ మీద పాకుతూ పోయి చిన్నమ్మ కాలి దగ్గర ముడి విప్పడానికి చూశాను. రాలేదు. గోళ్ళతో గీకాను. పళ్ళతో లాగుదామని వంగి, ఎందుకో తల ఎత్తాను. ఆమె కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"ఆ ముడి నీకు రాదు పాపా" అంది మెల్లగా. "గొర్రెలకు వేసే ముడి అది."

లేచి కూర్చుంది. ఒక్క లాగుకు ముడి విప్పింది. నా తడిసిన పావడా వైపు ఒకసారి చూసి, జాజిగాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "ఇంద" అంది. కోపం లేదు ఆ గొంతులో. నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు కూర్చుంది. వాని గుండె నా అరచేతికి తగులుతోంది, టకటకమని. జేజి మంచం కిర్రుమంది. నేను లేచి నాలుగడుగులు వేసి వాన్ని నా బొంత మీద పెట్టాను. ఆమె చూస్తుండగానే పెట్టాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"మళ్ళా పోసిందా?" అంది జేజి లేస్తూ.

"ఊ" అంది చిన్నమ్మ. "పోసినాడు అత్తా. ముడి నేనే సరిగా ఎయ్యల్యా."

అమావాస్యకు ముందురోజు పొద్దున నాయన గంప తీసుకుపోయాడు. నేను కూడా బస్టాండు దాకా వస్తానని వెంటపడితే వద్దనలేదు. దారి పొడుగునా నేను గంప పక్కనే నడిచాను. మూత సందులోంచి ముక్కు బయటపెట్టి వాడు గాలి పీలుస్తున్నాడు. చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో. బస్సు నిండా జనం, టాపు మీద మూటలు, క్లీనరు ముందర నిలబడి హ్యాండిలు తిప్పుతున్నాడు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. నాయన సీటు కింద గంప పెట్టి నన్ను చూశాడు.

"నాయనా."

"ఏం పాపా?"

"వానికి మజ్జిగ పొయ్యమని చెప్పు."

"చెప్తాలే, ఇంటికి పో" అన్నాడు. బస్సు కదిలింది. నేను మిట్టమధ్యాహ్నం దాకా ఇంటికి పోలేదు. బజారంతా తిరిగాను, బంగారు అంగళ్ళ వీధి, నూలు దుకాణాలు, మళ్ళీ బస్టాండు. ఎక్కడా నిలబడలేకపోయాను. ఇంటికి చేరేసరికి చిన్నమ్మ నడింట్లో మోకాళ్ళ మీద కూర్చుని, మరకే లేని బండను బూడిదతో రుద్దుతోంది. తల ఎత్తలేదు.

పడుకునే వేళకు ఆమె తన చాప నా బొంత పక్కకు జరిపింది. ఆ గుడ్డపేలిక తీసి ఒక కొస తన కాలికి కట్టుకుని, రెండో కొస నా కాలికి కట్టింది. "జేజికి చెప్తావా?" అన్నాను. "ఏం చెప్పేదుండాది? చెప్పి నిన్ను తిట్టించాల్నా?" అంది. కొంచెం ఆగి, "నాక్కూడా ఈ ఇంట్లో నిద్ర పట్టదు పాపా. ఈ బండల మీద నిద్ర పట్టదు. నువ్వు కదిలితే నేను లేస్తా, ఇద్దరం పోయొద్దాం" అంది. అట్లాగే చేసింది. మొదటి నిద్ర పట్టినాక ఒకసారి, కోడి కూయకముందు ఒకసారి కాలు లాగేది. నిద్రమత్తులో నన్ను దొడ్లోకి తీసుకుపోయేది. బూడిద కుప్ప దగ్గరికి. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, ఒక్క మాట అనలేదు. ఇంకా తడిపిన రోజుల్లో జేజి లేవకముందే బొంత మార్చి, తన చీర నాకు కప్పేది. నెల తిరిగేసరికి ఆ అవసరం పోయింది. కుక్కపిల్లలకు నేర్పించినట్టే నాకూ నేర్పించింది ఆమె, కొట్టకుండా, వేళ చూసుకుని. జాజిగానికి పట్టినన్ని రోజులకంటే నాకు ఎక్కువే పట్టాయి.

ఆ తర్వాతి ఎండాకాలం నాయన మమ్మల్ని బస్సులో పులివెందుల దాకా తీసుకుపోయి దించాడు. అక్కడి నుంచి నడిచి చిన్నమ్మ పుట్టింటికి పోయాం. మంద ఊరి బయట చేన్లలో ఉంది. జాజిగాడు పెద్దవాడైపోయాడు, వీపు నా నడుము దాకా వచ్చేది. దూరం నుంచి మమ్మల్ని చూసి మొరుగుతూ వచ్చి, చిన్నమ్మ వాసన తగలగానే నేల మీద పడి దొర్లాడు. చిన్నమ్మ నాయన, అంతకుముందు నేను తాతా అని పిలిచేదాన్ని కాదు గానీ ఆ రోజు నుంచి పిలిచాను, గడ్డం నిమురుకుంటూ, "వీడు మగోడమ్మా. మొన్న తోడేలు వస్తే అడుగు ఎనక్కి ఎయ్యల్యా" అన్నాడు. నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. ముందుకు పోయి తల నిమురుదామని వంగాను. వాడు చెవులు వెనక్కి అంటించుకుని, తోక కాళ్ళ మధ్య దూర్చి, పొట్ట నేలకు ఆనించాడు. వాని కింద మన్ను తడిసింది.

"ఏందిరా నీకొచ్చింది?" అన్నాడు తాత ఆశ్చర్యపోతూ.

చిన్నమ్మ కాలితో ఆ తడి మీదికి మన్ను లాగేసి, "ఎండకు వచ్చినాం గదా నాయనా, కొత్తగా తోచినాము" అంది. నా చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయింది. మేము అక్కడ మూడు రోజులున్నాం. నేల మీద కూర్చుని పిలిస్తే జాజిగాడు నా దగ్గరికి వచ్చేవాడు, నా చేతిలో సంగటి తినేవాడు. నేను లేచి నిలబడితే మాత్రం దూరంగా పోయేవాడు. ఆ మూడు రోజులూ నేను ఎక్కువ భాగం నేల మీదే కూర్చున్నాను.

తర్వాత నేను టీచరునయ్యాను, ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకే పాఠాలు చెప్పాను. తరగతిలో పిల్ల ఎవరైనా పావడా తడుపుకుంటే నేను పాఠం ఆపి, పొరపాటున తగిలినట్టు నీళ్ళ కూజాను ఆ పిల్ల పక్కనే ఒలకబోసేదాన్ని. ఇప్పుడు అంత అవసరం లేదు. నా మనవరాలు ఆరేళ్ళ దాకా పక్క తడిపితే వాళ్ళమ్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నవ్వి, రాత్రి పిల్లను లేపాల్సిన వేళలు రాసిచ్చి పంపాడు. ఇంట్లో అందరూ ఆ మాట పిల్ల ముందే, భోజనాల బల్ల దగ్గరే మాట్లాడుకున్నారు. పిల్ల కూడా మాట్లాడింది. పులివెందులలో ఆ బెంగుళూరు కుక్కపిల్లకు కొనుక్కొచ్చిన గుడ్డలున్నాయి, వాసన పోయే మందు సీసా ఉంది. మా ఇంట్లో బూడిదా, వేపాకూ, పొరకా ఉండేవి, ఎవరి నోట్లోంచీ మాట మాత్రం వచ్చేది కాదు. అప్పుడు మాట వచ్చి ఉంటే ఏమై ఉండేదో అనుకుంటూ ఈ రెండు రోజులుగా ఇల్లంతా తిరుగుతున్నాను. అట్లా అనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది.

జేజి చివరి ఏడాది మంచం పట్టింది. నేను కడపలో ట్రైనింగులో ఉన్నాను. సెలవులకు వస్తే ఇంట్లో చిన్నమ్మ, ఆమె ఇద్దరు చిన్న కొడుకులు, మంచంలో జేజి. ఒంటికీ రెంటికీ జేజికి తెలిసేది కాదు. గంట గంటకూ చిన్నమ్మ గుడ్డలు మార్చి, ఒళ్ళు తుడిచి, ఉతికి ఆరేసేది. అంత బండల పిచ్చి ఉన్న మనిషి, అవి తడుస్తుంటే కళ్ళు మూసుకునేది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ జాలాడిలో ఉండగా జేజి నన్ను దగ్గరికి రమ్మంది.

"ఆ కుక్కపిల్లను కొట్టినాను మే" అంది.

"ఇప్పుడెందుకు జేజీ అది?"

"అది పొయ్యలేదు. నాకు తెలుసు. ఏడాది ఉతికినా గదా నీ బొంత, నాకు వాసన తెలీదా?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కొత్తగా వచ్చింది ఆయమ్మి. నువ్వని తెలిస్తే నిన్ను ఈసడించుకుంటాదని భయపడితి. తల్లి లేని పిల్లవు. కుక్కదేముంది, యాడన్నా బతుకుతాది. నువ్వు యాడికి పోతావు?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోవాల్సింది. కూర్చోలేకపోయాను. లేచి జాలాడి దగ్గరికి పోయాను. చిన్నమ్మ తడి చీర పిండుతోంది. జేజి అన్న మాటలన్నీ చెప్పాను, ఒక్కటి కూడా వదలకుండా. ఆమె పిండుతున్న చేతులు ఆగిపోయాయి. చీరలోంచి నీళ్ళు బండ మీద కారుతున్నాయి.

"అత్తకు తెలుసంటనా?"

"తెలుసంట."

"మొదటి నుంచీ?"

"మొదటి నుంచీ."

ఆమె ముఖంలో నేను ఎప్పుడూ చూడని తికమక కనిపించింది, దారి తప్పిన మనిషి ముఖం మాదిరి. "అత్తకు తెలీగూడదనే గదా నేను నోరు మూసుకుంటి" అంది చివరికి. "అట్లయితే జాజిగాన్ని ఎవురి కోసం పంపిచ్చినాం పాపా?"

లోపల జేజి పిలిచింది. చిన్నమ్మ చీర తొట్టిలో వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.